షాబాదు బండల మీద సముద్రం

మా ఇళ్లలో ఒట్టు పెట్టుకునే అలవాటు లేదు. జరిగిందంటే జరిగింది, లేదంటే లేదు. మా నాన్న అలా పెంచాడు. కాబట్టి ఒట్టు వెయ్యను. కానీ ఇది జరిగింది. ఇంకెవరికో కాదు, నాకే జరిగింది. బతుకంతా పిల్లలకు జీవశాస్త్రం చెప్పినదాన్ని. కప్పను కోసి గుండె చూపించినదాన్ని. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే ముందు నవ్వేది నేనేనని మీకు తెలుసు. ఇవాళ మీ వంతు. నవ్వండి, కాకపోతే చివరిదాకా విని నవ్వండి. కరెంటు ఇప్పట్లో వచ్చేలా లేదు కదా... చెప్తాను.

మాది చీరాల దగ్గర ఓడరేవు. నాన్న అక్కడి మిషన్ బడిలో పంతులు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో ఆయనా నేనూ, అంతే. రోజూ తెల్లవారకముందే ఇద్దరం తీరానికి వెళ్లేవాళ్లం. పోటు వచ్చి వెనక్కి పోయాక ఇసుక మీద ఒక గీత మిగులుతుంది చూడండి... నురగ, నాచు, తెగిన వల ముక్కలు, పుల్లలు. వాటి మధ్య సముద్రం బయట పడేసిన జీవాలు. దాన్ని మేము అలగీత అనేవాళ్లం. ఆ గీత వెంట నాన్న ముందు, నేను వెనక. ఆయన చేతికర్రతో ఒకదాన్ని చూపిస్తాడు. నేను గొంతుక్కూర్చుని చూస్తాను. లేచి మళ్లీ నడుస్తాం.

పచారీ కొట్లో సముద్రపు నురుగు అని అమ్ముతారే, తెల్లగా, తేలిగ్గా... అది ఒక జీవి వీపులో ఎముక అని నాకు ఆరో ఏటే తెలుసు. బిళ్లలా పలచగా ఉండి, పైన అయిదు రేకుల పువ్వు గీసినట్టుండే జీవి తెలుసు. పరాయి గుల్లలో కాపురం పెట్టే పీత తెలుసు. జెల్లీ చేప చచ్చి ముద్దయినా కుడుతుందని, దాన్ని కర్రతో తప్ప కదపకూడదని తెలుసు. నాన్న ఇంకోటి కూడా నేర్పాడు. ఒడ్డున పడ్డ జీవి తల ఎటుందో చూడమనేవాడు. తల నీళ్ల వైపుంటే దానికింకా ఆశ ఉన్నట్టే, తీసుకెళ్లి వదిలేయాలి.

ఒక నియమం ఉండేది. గీత మొదలుపెట్టాక చివరిదాకా నోరు విప్పకూడదు. అది ఆయన ప్రార్థన వేళ. ఏదైనా అడగాలంటే గీత అయిపోయాక, పడవల దగ్గర కూర్చున్నాక అడగాలి. ప్రశ్నలన్నీ నోట్లో పెట్టుకుని నడిచేదాన్ని. సగం మరిచిపోయేదాన్ని కూడా.

ఇరవై రెండో ఏట నాకు సికింద్రాబాదులో ఉద్యోగం వచ్చింది. లాలాగూడ వైపు, ఆడపిల్లల మిషన్ స్కూలు. హాస్టలు కూడా అందులోనే, పొడుగాటి వరండాలో చివరి గది నాది. నాన్న ఒక్కడే అయిపోయాడు. అయినా పల్లెత్తు మాట అనలేదు. నెలకోసారి బిస్కెట్ల డబ్బా ఒకటి పార్సిలు చేసేవాడు. లోపల దూది, దూదిలో ఆ నెల అలగీత మీద దొరికినవి. ప్రతిదానికీ ఒక చీటీ. ఏ రోజు, పోటు ఎంతదాకా వచ్చింది, తల ఎటుంది... అన్నీ రాసేవాడు. నేను వాటిని క్లాసులో అద్దాల బీరువాలో పేర్చి పిల్లలకు చూపించేదాన్ని.

ఒక నెల డబ్బాలో ఒక గుల్ల ఖాళీది కాదు. నాన్న చూసుకోలేదు. లోపల పీత ఉంది. దారిలో చచ్చి కుళ్లింది. డబ్బా మూత తీసింది స్టాఫ్ రూములో. ఇక చూసుకోండి. అందరూ ముక్కులు మూసుకుని బయటికి పరుగు. ఆ రోజు నుంచి నేను చేపలబుట్ట టీచర్ని. పిల్లలు కూడా వెనక నుంచి అనడం విన్నాను. వయసులో ఉన్నాను, పొగరుంది, సిగ్గుంది. ఆ కోపంలోనే ఉత్తరం రాశాను. "నాన్నా, ఇక ఈ చచ్చిన పురుగులు పంపొద్దు. ఇక్కడ నన్ను చూసి నవ్వుతున్నారు. వీటితో ఆడుకోవడానికి నేనింకా చిన్నపిల్లను కాను."

పొద్దున పోస్టులో వేశాను. సాయంత్రానికి తెలిసొచ్చింది. ఎవరితో ఏమన్నాను నేను... మర్నాడే రెండో ఉత్తరం రాశాను. తప్పయింది నాన్నా, పంపు, రోజూ పంపు అని. కానీ అది నలభై ఎనిమిది, సికింద్రాబాదు ఇంకా నైజాం కిందే ఉంది, అప్పటికే సరిహద్దులో గొడవలు ముదిరాయి. నైజాంకూ మా కోస్తా వైపుకూ మధ్య రైళ్లు ఒకరోజు నడిస్తే నాలుగు రోజులు లేవు. రెండో ఉత్తరం పది రోజులకు తిరిగి నా దగ్గరికే వచ్చింది. మొదటిది మాత్రం తిరిగి రాలేదు. ముల్లు వెళ్లిపోయింది, మందు నా చేతిలోనే మిగిలింది.

ఆ ఎండాకాలం, ఆ వానాకాలం... ఆయన ఏమనుకుంటున్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలీదు. రజాకార్ల భయానికి తల్లిదండ్రులు వచ్చి పిల్లల్ని తీసుకెళ్లారు. టీచర్లు ఒక్కొక్కరే జారుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్ తాళాల గుత్తి తీసుకుని మద్రాసు వెళ్లిపోయింది, అద్దాల బీరువా తాళంతో సహా. నేను వెళ్లలేదు. దారి బాగోలేదన్నది నిజమే. ఏ మొహం పెట్టుకుని వెళ్లను అన్నది అంతకంటే నిజం.

మిగిలింది నేనూ, వాచ్‌మన్ ఖాసిం సాబూ. పెద్దాయన. గేటు పక్క గదిలో ఉండేవాడు. ఇన్ని గదుల బడిలో పగలంతా నా చెప్పుల చప్పుడు నాకే తిరిగి వినిపించేది. ఒక్కోసారి పలకరింపు కోసమే నల్లబల్ల మీద ఏదో రాసి, ఖాళీ బెంచీలకు పాఠం చెప్పేదాన్ని. ఇది ఎవరికీ చెప్పలేదు ఇప్పటిదాకా.

కిరసనాయిలు లేదు. ఉప్పు లేదు. బయటి నుంచి సరుకు రావడం ఆగిపోయింది కదా. సముద్రం పక్కన పుట్టిన పిల్ల ఉప్పులేని జావ తాగిందంటే నమ్మండి.

"ఉప్పు పుడ్తలేదు బిడ్డా," అనేవాడు ఖాసిం సాబ్. "మోండా మార్కెట్ మొత్తం తిరిగిన. చిటికెడు సుత లేదు. జెర గిట్లనే తాగు."

సెప్టెంబరులో సైన్యం బయల్దేరింది. పోలీసు యాక్షన్ అన్నారు తర్వాత. అప్పుడు మాకు తెలిసింది విమానాల మోత, దూరంగా ఏవో దబ్ దబ్ మనే చప్పుళ్లు, ఊరంతా చీకటి. కర్ఫ్యూ. మూడో రాత్రో నాలుగో రాత్రో... ఖచ్చితంగా చెప్పలేను. ఆ రోజుల్లో తేదీ చూసుకునే తెలివి లేదు. ఆ సాయంత్రం ఖాసిం సాబ్ వచ్చి గడపలో నిలబడ్డాడు.

"రాత్రిపూట గేటు దిక్కు పోకు. సడక్ మీద ఎవ్వరు కండ్లవడ్డా కాలుస్తరంట. గోలీ నీ పేరడిగి రాదు."

"నాకేం పని సాబ్ గేటు దగ్గర," అన్నాను.

తలుపు గడియ వేసుకుని పడుకున్నాను. ఎంతసేపు నిద్రపోయానో. మెలకువ వచ్చేసరికి కిటికీలో మబ్బు పట్టిన వెన్నెల. తెల్లవారడానికి ఇంకా టైముంది. ఎందుకు లేచానా అని అలాగే పడుకుని విన్నాను.

చిట... చిట... చిట...

చాలా సన్నగా. వరండాలోంచి. ఎలుకలనుకున్నాను. కాదు. ఆ చప్పుడు నాకు తెలుసు. అల వెనక్కి పోయాక ఇసుక మీద నురగ బుడగలు ఒక్కొక్కటే పగులుతాయి. చెవి నేలకు దగ్గరగా పెడితే వినిపిస్తుంది. ఆ చప్పుడు అది. సికింద్రాబాదులో... సముద్రం రెండు వందల మైళ్ల అవతల...

లేచి గడియ తీశాను. భయం వేయలేదా అంటే... లేదు. అప్పుడు వేయలేదు. గడప దాటి కాలు పెడితే షాబాదు బండ చల్లగా, తడిగా ఉంది. వాన లేదు. చూరు నుంచి చుక్క పడటం లేదు.

వరండా పొడుగునా గీత ఉంది.

నురగ. నాచు. పుల్లలు. వలకు కట్టే బెండు ముక్క ఒకటి... గీత కొంచెం వంకరగా, కొంచెం లోపలికి, కొంచెం బయటికి, అల ఎంతవరకు వచ్చిందో అంతవరకు. నేను గొంతుక్కూర్చున్నాను. అలవాటు చూడండి, ముందు కూర్చున్నాను. వేలితో బండ మీద తడిని తాకి నాలుక మీద పెట్టుకున్నాను.

ఉప్పు.

నెల రోజులుగా ఉప్పెరగని నాలుక. పొరబడే అవకాశం లేదు. కళ్లల్లో నీళ్లొచ్చాయి.

లేచి నడిచాను. నాలుగడుగులకు సముద్రపు నురుగు ముక్క. దాని అంచున పక్షి పొడిచిన గాట్లు. ఇంకో రెండడుగులకు ఆ పువ్వు బిళ్ల. ఎండినది కాదు. ఒంటి మీద సన్నటి ముళ్లు ఇంకా కదులుతున్నాయి. వంగి ఊపిరి బిగబట్టి చూశాను... కదులుతున్నాయి. ఆ తర్వాత ఒక గుల్ల. చూస్తుండగానే అది లేచి, పక్కకు జరిగి, మళ్లీ కూలబడింది. లోపల పీత ఉంది. బతికే ఉంది. దాని తర్వాత జెల్లీ చేప, పళ్లెమంత. అంచు ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. ఇలాంటిది నాన్న ఎప్పుడూ పంపలేదు. పంపగలిగేది కాదు. నా బీరువాలోనివి కావు ఇవి.

తలలు చూశాను. చిన్న చేపపిల్లలు నాలుగైదు పడి ఉన్నాయి. పీతలున్నాయి. బతికి ఉన్నవాటి తలలన్నీ ఒకే వైపున్నాయి.

గేటు వైపు.

అప్పుడు వినిపించింది. టక్... టక్... ముందు ఎక్కడో కర్ర చప్పుడు. తలెత్తాను. వరండా చివర మెట్లు దిగుతూ ఒక మనిషి. వెనక నుంచే. మోకాళ్ల దాకా ఎగ్గట్టిన పంచె. ఎడమ భుజం కొంచెం కిందికి. ఒకచోట ఆగి కర్రతో కింద చూపించాడు... నాకు చూపించినట్టు. మళ్లీ నడిచాడు.

నాన్న.

మీరు అడుగుతారు, పిలవలేదా అని. అదే కదా నా ఏడుపంతా. పిలవలేదు. ఎన్ని నెలలుగా గొంతులో పెట్టుకున్న మాట... తప్పయింది నాన్నా అని, ఒక్క మాట... అది నోటి చివరికి వచ్చింది. మింగేశాను. గీత ఇంకా అయిపోలేదు. గీత మీద మాట్లాడకూడదు. చివరికి చేరాక చెప్దాం, అక్కడ కూర్చుంటాం కదా, అప్పుడు చెప్దాం అనుకున్నాను. ప్రపంచంలో ఇంకే కూతురైనా కేక పెట్టి పరుగెత్తేది. నేను మాత్రం బుద్ధిగా వెనక నడిచాను.

ఆయన చూపించిన ప్రతిచోటా ఆగాను. వంగి చూశాను. మెట్లు దిగాను. ఆవరణ మట్టి మీద కూడా గీత సాగుతోంది. పాదాలకు నీళ్లు తగిలాయి. చీలమండల దాకా. మోకాళ్ల దాకా... చల్లగా, వచ్చి పోతూ. నీళ్లు వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసుక జారుతుంది చూశారూ, అలా జారింది. గేటు వచ్చింది. ఆయన గేటు అవతల ఉన్నాడు. ఎప్పుడు తీశాడో, ఎలా దాటాడో. అవతల సడక్ ఉండాలి. సడక్ కనిపించలేదు. నల్లగా ఏదో పైకి లేస్తోంది, దిగుతోంది. గేటు గొళ్లెం మీద చెయ్యి వేశాను. ఇనుము మంచుగడ్డలా ఉంది. సగం ఎత్తాను.

ఎవరో నా జబ్బ పట్టుకుని వెనక్కి గుంజారు.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా." ఖాసిం సాబ్. నన్ను గోడ చాటుకు లాగి కూర్చోబెట్టాడు. నేనేదో అనబోతే నోరు మూశాడు. నూరు లెక్కపెట్టేంత సేపు కూడా కాలేదు... సడక్ మీద లారీ ఒకటి మెల్లగా వచ్చింది. దీపం వెలుగు గేటు ఊచల మీద పడి, ఆవరణలోకి వచ్చి, పోయింది. వాళ్లు ఎవరి మనుషులో నాకు ఇప్పటికీ తెలీదు. గేటు తీసుకుని సడక్ మధ్యలో నిలబడి ఉంటే ఈ కథ మీకు చెప్పడానికి నేను ఉండేదాన్ని కాదు. అది మాత్రం తెలుసు.

లారీ చప్పుడు పోయాక ఖాసిం సాబ్ ఊపిరి వదిలాడు. "నాలుగు సార్లు పిలిచిన. ఉలుకూ లేదు, పలుకూ లేదు. రెండడుగులు ఏస్తవు, వంగుతవు, కింద జూస్తవు. మళ్ల నడుస్తవు. ఏమన్న పోయిందా? ఏం దేవులాడుతున్నవ్?"

"నా ముందు ఎవరున్నారు సాబ్?"

"ఎవ్వరు లేరు. నువ్వొక్కదానివే." కిందికి చూశాడు. "నీ చీరంతా తడిసిందేంది?"

చూసుకున్నాను. మోకాళ్ల దాకా తడి. గేటు పక్కన ఒకప్పుడు గుర్రాలకు నీళ్లు పోసిన రాతి తొట్టి ఉంది. నిద్రలో నడిచి, దాంట్లో దిగి ఉంటానని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. అలా అనుకుంటే బాగానే ఉంటుంది.

తెల్లవారాక వరండా పొడిగా ఉంది. నాచు లేదు, పుల్ల లేదు. బండల మీద మాత్రం తెల్లగా పొడిలా ఏదో పూసింది. ఖాసిం సాబ్ చూసి, "చౌడు బిడ్డా. వానకాలం బండలకు పూస్తది," అన్నాడు. నిజమే, పూస్తుంది. కానీ ఆయన వంగి దాన్ని గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాడు. తన గదికి వెళ్లిపోయాడు. నేను క్లాసులోకి పోయి అద్దాల బీరువా చూశాను. తాళం వేసినట్టే ఉంది. లోపలివన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అద్దం మాత్రం లోపలి వైపు నుంచి ఆవిరి పట్టి ఉంది.

కొద్ది రోజులకు గొడవ సద్దుమణిగింది. పోస్టు మళ్లీ మొదలైంది. వెంటనే ఉత్తరం రాశాను. జవాబు లేదు. ఇంకోటి రాశాను. లేదు. మూడోది... అదీ అంతే. అక్టోబరు పోయింది, నవంబరు పోయింది. ఇక నా మనసులో రెండే ఉన్నాయి. ఆయన పోయాడు. లేకపోతే ఆయనకు నేను పోయాను. ఆ రాత్రి నాకు కనబడింది ఏమిటో ఇక అర్థం చేసుకోవడానికేముంది అనుకుని ఏడ్చాను. క్రిస్మస్ సెలవులకు రైలెక్కాను, ఆయన్ను పూడ్చిన చోటైనా చూసుకుందామని.

ఓడరేవులో మా ఇంటి తలుపు తెరిచే ఉంది. నాన్న అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్నాడు.

గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆయన తలెత్తాడు. చేట చేతిలోంచి జారింది. ఆయన నా మొహం వైపు చూడలేదు. నా పాదాలు చూశాడు. దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా. అలా అన్నందుకు బళ్లో పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి. ఆయన నా పాదాలు చూస్తున్నాడు, చాలాసేపు.

"అన్నం తింటావా అమ్మాయ్," అన్నాడు చివరికి.

వండి పెట్టాడు. ఎదురుగా కూర్చుని ఒక్కో ముద్దా నా నోట్లోకి పోవడం చూశాడు. కంచం ఖాళీ అయ్యాక తల దించుకుని ఏడ్చాడు. మా నాన్న ఏడవడం నేను అప్పుడే చూశాను.

"తప్పయింది నాన్నా, ఆ ఉత్తరం..." అన్నాను.

"అందింది. కోపం వచ్చింది," అన్నాడు. "ఆ కోపమే కొంప ముంచింది. ఒకరోజు తెల్లవారుజామున తీరాన నడుస్తుంటే వెనక నీ నడక వినిపించింది. నాకు తెలీదా నీ నడక. తిరిగి చూడలేదు. కోపం కదా. నడవనీలే, నడవనీ... చివరిదాకా వచ్చాక మాట్లాడతాలే అనుకున్నా. చివర తిరిగి చూస్తే నువ్వు లేవు. అడుగులున్నాయి ఇసుకలో. నీళ్లలోకి వెళ్లాయి. వెనక్కి రాలేదు."

కంచం పక్కకు జరిపాను.

"ఏ రోజు నాన్నా అది?"

"సైన్యం హైదరాబాదులోకి వెళ్లిందని జనం చెప్పుకున్న రోజుల్లో. తేదీ గుర్తులేదు. అప్పుడే అనుకున్నా, అక్కడ నీకేదో అయిపోయిందని."

"మరి నా ఉత్తరాలు? మూడు రాశాను."

లేచి పెట్టెలోంచి తీసుకొచ్చాడు. మూడూ ఉన్నాయి. ఒక్కటీ చించలేదు.

"పోస్టు ఆలస్యంగా వస్తోంది కదా. నువ్వు పోకముందు రాసినవనుకున్నా. విప్పి చదివేస్తే... ఇక నీ నుంచి నాకు రావలసిందంటూ ఏమీ మిగలదు. అందుకని ఉంచుకున్నా."

అదీ సంగతి. నాకు ఆకలి, భయం, నిద్రలో నడక. ఆయనకు ముసలితనం, బెంగ. విడివిడిగా చూస్తే దేనికదే సరిపోతుంది. రెండూ పక్కపక్కన పెడితేనే నా చదువు పనికిరావడం లేదు. ఆయన నా దగ్గరికి వచ్చాడా... నేను ఆయన దగ్గరికి వెళ్లానా... వెళ్తే, నీళ్లలోకి ఎందుకు దిగాను? ఇన్నేళ్లు ఆలోచించాను. తెలీదు. నిజంగా తెలీదు.

వారం రోజులు అక్కడున్నాను. ప్రతి తెల్లవారుజామునా ఇద్దరికీ మెలకువ వచ్చేది. చీకట్లో ఆయన కదలడం నాకు వినిపించేది, నేను కదలడం ఆయనకు వినిపించేది. ఎవరమూ లేచేవాళ్లం కాదు. చివరి రాత్రి నేనే అడిగాను.

"రేపు పొద్దున ఒకసారి తీరానికి వెళ్దామా నాన్నా?"

నిద్రపోయాడేమో అనుకున్నాను.

"వద్దులేమ్మా," అన్నాడు. "ఇక్కడే ఉన్నావుగా."